చెదలు తినిన లెక్కలు

నిడదవోలు కూడలి స్టేషనులో నరసాపురము రైలుకొఱకు వేచియుండు విద్యార్థి నేడు చేతిలోని ఫోనును తెఱచి, వెయ్యేండ్లు దాటిన గణితశాస్త్ర గ్రంథమును చదువగలడు. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలములో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’ అది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడును, ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు అధికారియునైన ఎం. రంగాచార్యులు వ్రాతప్రతులను సరిచూచి, ఆంగ్లానువాదముతో 1912లో అచ్చొత్తించిన పుస్తకము ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అంతర్జాతీయ గ్రంథాలయమున ఉన్నది. దానిని చూచుటకు రుసుము లేదు, సిఫారసు లేదు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయాచార్యుడు డేవిడ్ యూజీన్ స్మిత్ వ్రాసిన పీఠికతో సహా పుస్తకమంతయు లభించును.

మఱి అదే గ్రంథమును తెనుగు చేసిన కవి మాట ఏమి? ఆ ప్రశ్నకు సమాధానము అంత సులభముగ దొఱకదు.

గోదావరి కావలి యొడ్డున రాజమహేంద్రవరమున రాజరాజ నరేంద్రుడు రాజ్యము చేయుచుండగా నన్నయ భారతమును తెనిగించుట ప్రతి పాఠశాల విద్యార్థియు ఎఱిగినదే. ఆ వేంగీ చాళుక్యుల యుగముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని లెక్కలను పద్యములలో తెలుగు చేసెను. మల్లన రాజరాజు కాలమువాడే యని కొందఱును, తాత మనుమలు ఇరువురు మల్లనలు కలరనియు గణితమును వ్రాసినది మనుమడనియు మఱికొందఱును చెప్పుదురు. ఎవరి వాదమును గైకొన్నను, మన భాషలో తొలి శాస్త్రగ్రంథమను గౌరవము ఆ పుస్తకమునకే చెల్లుచున్నది. భారతమును వల్లించిన నోళ్లు వేలు. పావులూరి గణితమును చూచిన కన్నులు ఎన్ని?

నిడదవోలునకు ఈ కథ బొత్తిగా పరాయిది కాదు. శాసనములలో నిరవద్యపురమని పేర్కొనబడిన యీ యూరు చాళుక్య శాఖ యొకదానికి నెలవై యుండెను. కాకతి రుద్రమదేవిని పెండ్లాడిన వీరభద్రుడు ఆ వంశమువాడే. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి నిడదవోలు పశ్చిమ గోదావరి నుండి తూర్పు గోదావరిలోనికి వచ్చుటతో, పరిపాలన విషయమునను రాజమహేంద్రవరముతో మఱల ముడిపడినది. పావులూరి లెక్కలు పుట్టిన సీమ యిదే. కనుక ఆ లెక్కల యోగక్షేమములను విచారించు బాధ్యత యీ సీమ బడులకు కొంత కలదు.

* * *

మల్లన కేవలము అనువాదకుడు కాడు. మహావీరుడు జైనుడు; ఆయన లెక్కలలో జినాలయములు, జినపూజలు వచ్చును. మల్లన శైవుడగుటచే వాని స్థానమున శివుని నిలిపెను. అంతకంటె ముఖ్యమైన విషయము, మూలమున లేని లెక్కలను ఆయన పెక్కింటిని చేర్చుట. వానిలో అధికభాగము ‘హారము’ కట్టు లెక్కలు. గుణకారము చేయగా వచ్చిన ఫలము ఇరువైపులనుండి చదివినను ఒకటిగా నుండును. ముత్యాలపేరువలె నుండుటచే దానికి కంఠాభరణమని పేరు. మహావీరుని గ్రంథమునుండి ఒకటి రెండు చూడుడు. 139ని 109చే హెచ్చించిన 15151 వచ్చును. 152207ను 73చే హెచ్చించిన ఎనిమిది ఒకట్లు వరుసగా నిలుచును. 142857143ను 7చే హెచ్చింపగా వచ్చు 1000000001 రాజుల మెడకు తగిన హారమట!

పసిపిల్లలకు గుణకారముపై ఆసక్తి కలిగించుటకు ఇంతకంటె మంచి ఉపాయమును నేటి వాచకములును కనిపెట్టలేదు. అంతటితో దీని ప్రయోజనము తీరలేదు. ప్రతిని వ్రాయువాడు 152207లోని చివరి యేడును ఒకటిగా పొరపడి వ్రాసెననుకొందము. హెచ్చించి చూడగనే 11110673 వచ్చును, హారము తెగిపోవును. తప్పు వ్రాసినవాడు గతించి అయిదువందల యేండ్లైనను, మఱొక ప్రతి యేదియు చేత లేకున్నను, బలపము పట్టిన పిల్లవాడు ఆ తప్పును పట్టుకొనగలడు. కావ్యమునకు ఈ భాగ్యము లేదు. కావ్యములో పాఠము చెడినచో పండితులు వాదించుకొనుచుందురు. గణితములో చెడిన పాఠము తానే చెప్పుకొనును, లెక్క చేయువాడుండిన చాలును.

చదరంగపు గళ్ల లెక్క ఇందుకు మఱింత గొప్ప నిదర్శనము. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అఱువదినాలుగు గళ్లకు రెట్టింపుచు పోయిన మొత్తము గింజలెన్ని? 18446744073709551615. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధిచెందిన పద్యమొకటి ఈ ఇరువది అంకెలను మాటలలో కూర్చినది. శరమనిన మన్మథుని బాణములు గనుక 5; శశి ఒక్కడే గనుక 1; గిరులు 7; గగనము శూన్యము. అంకెలు కుడినుండి ఎడమకు నడచుననునది దీని నియమము. ఒకట్ల స్థానమున మొదలుపెట్టి పైకి పోవలెను.

తాటాకుపై ‘గిరి’ యను మాట పురుగు తిని పోయినదనుకొందము. మిగిలిన పందొమ్మిది అంకెలను కూడిన 80 వచ్చును. ఎనిమిదియు సున్నయు కలిసి 8. కాని ఒకటిని అఱువదినాలుగుమాఱులు రెట్టించి ఒకటి తీసివేసిన సంఖ్యను తొమ్మిదిచే భాగించిన శేషము 6 రావలెను. ఎనిమిదికి ఏమి కలిపిన తొమ్మిదిచే భాగించి ఆఱు మిగులును? ఏడు. అనగా పోయిన మాట పర్వతవాచకమే! అది గిరియో నగమో ఛందస్సు కూడ తేల్చలేదు, రెండును రెండు లఘువులే గనుక. కాని అంకె మాత్రము దొఱకినది. వ్రాయసకాడు ‘శర’ అనుచోట ‘శశి’ అని వ్రాసియుండిన నడక చెడదు, చదివినవానికి చెవిలో ఏమియు తట్టదు. కూడిక మాత్రము 87నకు బదులు 83 అగును, శేషము 2 వచ్చును, దొంగ దొఱకును. అయితే ఈ పరీక్షకును ఒక మితి యున్నది: రెండు మాటలు తాఱుమాఱైనచో మొత్తము మాఱదు, తప్పు బయటపడదు. అప్పుడు అఱువదినాలుగు గళ్లను వరుసగా రెట్టించుకొని పోవుటయే శరణ్యము.

ఇట్లు తన్ను తాను కాపాడుకొనగల గ్రంథము కూడ చదువువారు లేకున్న శిథిలము కాక తప్పదు. పావులూరి గణితపు తాళపత్ర ప్రతులు తెలుగునాట కరణముల యిండ్లలో, పండితుల యిండ్లలో వ్యాపించినవి. లెక్కలు వారి జీవనాధారము గనుక, వ్రాసుకొన్న ప్రతివాడును తన సీమలోని కొలతలను, తనకు తెలిసిన లెక్కలను చేర్చుచు పోయెను. అందుచే ఏది మల్లన పద్యమో, ఏది తరువాతివారి చేర్పో విడదీయుట కష్టమైనది. ప్రతులు కొన్ని మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన కొంత భాగమును వారు కీర్తిశేషులైన పిమ్మట 1952లో తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిరి. గణితశాస్త్ర చరిత్రకారుడు శ్రీరాముల రాజేశ్వరశర్మగారు 1987లో ఒక జర్మను పరిశోధన పత్రికలో పావులూరి గణితముపై వ్యాసము వ్రాసి దానిని లోకమునకు తెలిపిరి. హారపు లెక్కలలో మల్లన స్వతంత్రతను ఎత్తి చూపినది ఆ వ్యాసమే. లీలావతిని తెనిగించిన ఎలుగంటి పెద్దన వంటివారి కృతులకు ఈపాటి అదృష్టమును పట్టలేదు.

* * *

తాటాకు సంగతి యిట్లుండ, అచ్చు పుస్తకముల స్థితి ఇంకను దయనీయము. ఇది వినుటకు వింతగా నుండవచ్చును. పసపు, మసి పూసి, ఎఱ్ఱని గుడ్డలో చుట్టి అటకపై నుంచిన తాటాకుల కట్ట రెండు మూడు వందల యేండ్లు నిలుచును. 1900 ప్రాంతమున అచ్చైన ప్రాథమిక గణితపుస్తకము నూఱేండ్లకే పట్టుకొనిన చేతిలో పొడియగును. దోషము పుస్తకము నుంచుకొన్నవానిది కాదు; కాగితముది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ నుండి గుడ్డపేలికలకు బదులు కొయ్యగుజ్జుతో కాగితమును చేయసాగిరి. సిరా పాఱకుండుటకు పటికను చేర్చిరి. తేమ తగిలినకొలది పటిక ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము కాగితపు నారలను ముక్కలుగ త్రెంచును. కాగితపు మూలను ఇటు నటు మడచి, ఎన్ని మడతలకు విఱుగునో లెక్కించుట గ్రంథాలయములవారి పరీక్ష. కొన్ని పుస్తకములు ఒక్క మడతకే విఱుగును. గోదావరి కాలువల నడుమనున్న సీమలో గాలియే తేమ. దానికి తోడు రామబాణపు పురుగు, చెదలు.

పాఠ్యపుస్తకములకు మఱొక శత్రువు కలదు: వాని యందలి చులకన భావము. కావ్యమును దాచుకొందురు, నిఘంటువును దాచుకొందురు. నాల్గవ తరగతి లెక్కల పుస్తకమును ఎవరు దాచెదరు? తమ్ముడు చదివిన పిమ్మట అది పచారి కొట్టునకు పోయెడిది. 1867 నాటి ముద్రణచట్టము ప్రకారము మద్రాసు రాజధానిలో అచ్చైన పుస్తకముల పట్టికలను ప్రభుత్వము మూడు నెలలకొకసారి ప్రకటించెడిది. ఎన్నదగిన ప్రతులు లండనునకును పోయెడివి. బ్రిటిషు మ్యూజియములోని తెలుగు పుస్తకములకు ఎల్. డి. బార్నెట్ కూర్చిన పట్టిక 1912లో వెలువడినది. తెలుగు బడి పుస్తకమును చూచుటకు తెలుగువాడు లండనులో వెదకవలసి వచ్చుట హాస్యాస్పదమే. కాని అక్కడనైనను ఉండుట మేలు.

ఇంతకు ఆ పాత లెక్కల పుస్తకములతో పనియేమి అని అడుగువారున్నారు. 1903లో కుంభకోణపు విద్యార్థి యొకనికి ప్రభుత్వ కళాశాల గ్రంథాలయమునుండి తెచ్చిన లెక్కల పుస్తకమొకటి దొఱకెను. జి. ఎస్. కార్ అను ఆంగ్లేయ ఉపాధ్యాయుడు పరీక్షలకు పోవువారి కొఱకు వేలకొలది సూత్రములను గుదిగ్రుచ్చి కూర్చిన పుస్తకమది. ఉపపత్తులు అంతగా లేవు. పండితులు మెచ్చుకొనదగిన గ్రంథము కాదు. పరీక్షల సహాయిని మాత్రమే. దానిని చదివిన బాలుడు శ్రీనివాస రామానుజన్. తరువాత ఆయనకు అండనిచ్చిన ఆర్. రామచంద్రరావుగారు అప్పుడు మన నెల్లూరు కలెక్టరు. ఏ పుస్తకము ఎవని చేత పడి ఏమి చేయునో ముందుగా తూచి చెప్పగల త్రాసు లేదు. రామానుజన్ నోటుపుస్తకములను 1957లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు ఛాయాచిత్ర ప్రతులుగా అచ్చువేసిరి. 2012లో నూతన యంత్రములతో మఱల చిత్రించి, తొలి ముద్రణలో మసకబారిన గీతలను స్పష్టము చేసి ప్రకటించిరి.

* * *

శిథిలమైన గణిత గ్రంథములను యంత్రముతో కాపాడు పని పెద్దయెత్తున మొదట జరిగినది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున. 1990 తరువాతి తొలి సంవత్సరములలో, జిరాక్స్ సంస్థ తోడ్పాటుతో వారు వేయి పుస్తకముల వఱకు ప్రతిబింబములు తీసిరి. అందులో అయిదువందలకు పైగా గణితపుస్తకములే. గణితమునే యేల ఎన్నుకొనిరి? వైద్యములోగాని రసాయనశాస్త్రములోగాని నూఱేండ్ల నాటి పుస్తకము చరిత్రకే పనికివచ్చును. గణితములో ఒకసారి నిరూపింపబడిన సిద్ధాంతము ముసలిదికాదు. అందుచే గణితజ్ఞులు పాత పుస్తకములను నేటికిని పనికొఱకే తెఱచుచుందురు. కార్నెల్ వారు ఆ ప్రతిబింబములను ఆమ్లము లేని కాగితముపై మఱల అచ్చొత్తించి బైండు చేసి అరలలో నిలిపిరి. పిదప మిచిగన్, గొట్టింగెన్ విశ్వవిద్యాలయములు కూడ తమ తమ గణితగ్రంథములను చేర్చగా, మూడుచోట్ల నున్న పుస్తకములను ఒకేచోట వెదకుకొనగల ఉమ్మడి గ్రంథాలయము ఏర్పడినది.

మన దేశమున ఈ పనికి ఊపిరిపోసినది తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును 1994లో మఱొకరితో కలిసి అందుకొనెను. ఆయన పూనికతో పదిలక్షల పుస్తకముల పథకము ఆరంభమైనది. భారతదేశమున దానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, తిరుపతి దేవస్థానము మొదలగు కేంద్రములలో పగలు రేయి పుటలు చిత్రింపబడినవి. వేలకొలది తెలుగు గ్రంథములు దానివలన బ్రతికినవి.

కొన్నేండ్లకు ఆ గ్రంథాలయపు ద్వారము మూతపడినది. అయితే అంతకుముందే వేఱొకచోట ప్రతులు తీయబడినందున, 2017 నాటికి నాలుగు లక్షలకు పైగా పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మఱల దర్శనమిచ్చినవి. తాళపత్రముల నాటి బుద్ధియే యిచ్చటను పనిచేసినది. ఒక ప్రతి పిఠాపురమున తడిసినను మఱొకటి ఒంగోలులో ఉండెడిది. యంత్రముతో పుట్టిన పుస్తకము చిరంజీవి యని తలచుట పొరపాటు. దానికిని ఇల్లిల్లు తిరుగవలసినదే.

ఆ మహాకార్యమున లోపములు లేకపోలేదు. లక్షలను లక్ష్యముగ పెట్టుకొన్నప్పుడు పుటలు జాఱుట సహజము. ఒక పుట రెండుమాఱులు వచ్చును, ఒకటి రానే రాదు. నలుపు తెలుపులుగ మాత్రమే తీసినందున, పసుపుబాఱిన కాగితపు మరకలు నల్లని మేఘములై అక్షరములను మింగినవి. అన్నిటికంటె పెద్ద లోపము పేర్లది. తెలుగు పుస్తకముల పేర్లను ఆంగ్లాక్షరములలో, వినిన విధముగ, ఎవరికి తోచిన వర్ణక్రమముతో వారు ఎక్కించిరి. గణితమని వెదకినచో కొన్ని దొఱకును; తక్కినవి అక్కడనే యున్నను వెదకువానికి లేనట్లే. పుస్తకము చెదలపాలు కాకుండ తప్పించుకొని పట్టికలో తప్పిపోయినది! దీనిని సరిచేయుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. పుస్తకమును తెఱచి, ముఖపత్రమును చదివి, కర్త పేరును, అచ్చైన యూరును, సంవత్సరమును తెలుగున సరిగా వ్రాయగలవారు కావలెను.

* * *

బొమ్మ తీయుట సగము పని. పుటలోని అక్షరములను అక్షరములుగ మార్చిననే వెదకుటకు వీలగును. ఇది చేయు యంత్రములు నానాటికి తెలివిమీఱుచున్నవి గాని, పాత తెలుగు లెక్కల పుస్తకము ముందు అవి తడబడును. కారణములు చూడుడు. మన లిపిలో అంకెలలోని సున్నయు (౦), మాటలలోని పూర్ణానుస్వారమును (ం) చూపునకు ఒకటే. సిరా పాఱిన ౧ కూడ సున్నవలె కనబడును. అచ్చులో ‘రూ. 3-4-6’ అని యుండును. 1957 ఏప్రిలుకు ముందు పుట్టినవారికి అది మూడు రూపాయల నాలుగణాల ఆఱు పైసలని చూడగనే తెలియును. యంత్రము దానిని తీసివేతయనియో తేదీయనియో తలపోయవచ్చును. ఇరువదియొకటవ శతాబ్దిలో పుట్టిన విద్యార్థియు అట్లే తలచును!

అప్పుడు పనికివచ్చునది లెక్కయే. ఎనిమిది బస్తాల వెల అడిగిన లెక్కలో బస్తా ధర 3-4-6 అని తోచినది, కాని నడిమి అంకె మసకగా నున్నదనుకొందము. పుస్తకము చివర జవాబు 26-4-0 అని యున్నది. ఆఱు పైసలు ఎనిమిదిసార్లు నలువదియెనిమిది, అనగా నాలుగణాలు. నాలుగణాలు ఎనిమిదిసార్లు ముప్పదిరెండు, దానికి నాలుగు కలిపిన ముప్పదియాఱణాలు, అనగా రెండు రూపాయల నాలుగణాలు. మూడెనిమిదులు ఇరువదినాలుగుతో రెండు కలిసి ఇరువదియాఱు. సరిపోయినది. మసక పోయినది. దురదృష్టమేమనగా, పుస్తకమునుండి మొదట ఊడిపోవునవి చివరి పుటలే, జవాబులుండునవి అవే. అందుచే ఒక పుస్తకమునకు ఒక్క ప్రతి చిత్రించి సంతోషించుట చాలదు. ఒక ప్రతిలో పోయిన పుట మఱొక యూరి ప్రతిలో ఉండవచ్చును.

భిన్నముల గుర్తులు మఱొక ప్రపంచము. కాలు, వీసము అని నాలుగుచొప్పున విఱుగు భాగములను వ్రాయుటకు కరణములకు నిలువు, అడ్డు గీతల చిహ్నము లుండెడివి. తూములో నాల్గవ వంతు కుంచము, కుంచములో నాల్గవ వంతు మానిక. ధాన్యపు కొలతయు లెక్క గుర్తులును ఒకే త్రోవన నడచెడివి. ఈ గుర్తులకు కంప్యూటరులో చోటులేనంతకాలము వానిని బొమ్మలుగ చూపవలసినదే కాని వ్రాయుటకు వీలులేకపోయెను. ప్రపంచ లిపులన్నిటికి సంఖ్యలను కేటాయించు యూనికోడ్ పట్టికలో 2008లో తెలుగు భిన్నాంకములు చేరినవి. తూమునకు కూడ ఒక గుర్తు చేరినది. నేడు పాత దస్త్రములోని పద్దును ఉన్నదున్నట్లు ఎక్కింపవచ్చును. ఆ గుర్తులను చదువ నేర్చినవారు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. డెల్టా గ్రామములలో తూములతో కుంచములతో కొలిచిన చేతులు ఇంకను కొన్ని యున్నవి. బడిపిల్లలు వారియొద్దకు పలక పట్టుకొని పోయి అడిగి వ్రాసికొనుటకు ఇది తగిన సమయము.

పెళుసు పుస్తకమును చిత్రించు విధానమును ఉపాధ్యాయులు తెలిసికొనుట మంచిది. నకళ్లు తీయు దుకాణములో చేయునట్లు పుస్తకమును బోర్లించి అద్దముపై అదిమినచో వెన్ను విఱుగును. పుస్తకమును పూర్తిగా విప్పక, ఎగుడు పీఠముపై రెండు రెక్కలను సగమే తెఱచియుంచి, కెమెరాను పైనుండి నిలుపవలెను. కాంతి ప్రక్కలనుండి మెత్తగా పడవలెను. రంగులలో తీసిన కాగితపు మరకయు అక్షరమును వేఱుగా నిలుచును. ఊడిన ముక్కలను జిగురు కాగితముతో అంటించుట మేలుచేయబోయి కీడు చేయుటయే. ఆ జిగురు కొన్నేండ్లకు గోధుమవన్నెగ మాఱి క్రింది అక్షరమును తినివేయును. ముక్కను ఉన్నచోటనే యుంచి చిత్రించిన చాలును. కర్త హక్కుల విషయమును గమనింపవలెను: మన చట్టము ప్రకారము కర్త గతించిన మఱుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు గడచిన పిమ్మటనే ఆ రచన సర్వజనుల సొత్తగును. 1957 నాటి చట్టమున ఇది 50 ఏండ్లే. 1992లో 60కి పెంచిరి.

ఇట్లు చేరిన పుటలను తెలుగున సరిచూచు పని తెలుగు వికీసోర్స్ అను స్వచ్ఛంద గ్రంథాలయమున 2005 నుండి జరుగుచున్నది. అచ్చట ఎడమవైపు పుట పాఠమును, కుడివైపు దాని ప్రతిబింబమును కనబడును. ఎవరును చూడని పుటకు ఎఱుపు గుర్తు; ఒకరు సరిచూచి అచ్చుదిద్దినచో పసుపు; రెండవ వ్యక్తి మఱల చూచి ఆమోదించిన పచ్చ. మొదటివాడే రెండవమాఱు ఆమోదించుటకు వీలులేదు. ఇది పూర్వపు వ్రాయసకాండ్రకు లేని కట్టుబాటు. కావ్యములు, నవలలు, చరిత్రలు అచ్చట ముందుకు సాగుచున్నవి. వానిని దిద్దువారికి ఉత్సాహము మెండు. లెక్కల పుటకు వచ్చుసరికి అక్షరములు తెలిసినవాడు కూడ వెనుకాడును. పట్టికలు, భిన్నములు, మెట్లు మెట్లుగ దిగు భాగహారములు, నిలువుగీతల నడుమ రూపాయలణాలు: వీనిని ఎక్కించుటకు ఓపిక కావలెను, ఎక్కించినది సరియో కాదో చూచుటకు లెక్క రావలెను.

ఇది రెండును గలవారు పాఠశాలలలోనే యున్నారు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దఱు ఒక పుటను చేపట్టినచో, ఒకడు అంకెలను చదువగా రెండవవాడు లెక్కను చేసి జవాబు కలిసినదో లేదో చెప్పవచ్చును. కలియనిచోట మూడు అవకాశములుండును: పిల్లవాడు తప్పు చేసియుండవచ్చును, యంత్రము తప్పు చదివియుండవచ్చును, లేక నూఱేండ్ల క్రిందట అచ్చుకూర్పరియే పొరపడి యుండవచ్చును. మూడవదియైనచో దానిని మార్చరాదు. అచ్చులో నున్నట్లే యుంచి, ప్రక్కన సూచిక వ్రాయవలెను. ఏది ఎవరి తప్పో తేల్చుటకు ఆ పిల్లలు లెక్కను మఱొక మాఱు, ఈసారి వేఱు మార్గమున, చేయుదురు. ఒక్కొక్కమాఱు ఒక్క పుటకు ఒక పీరియడంతయు పట్టును. సాయంకాలము గంట కొట్టునప్పటికి పుట పసుపు రంగునకు వచ్చును. పచ్చ చేయుటకు మఱొక బడిలో మఱొకరు దానిని తెఱవవలెను.